అడగందే హోటలైనా పెట్టదు

మా అమ్మ ఆ హోటల్ లాబీలోకి అడుగుపెట్టబోతూ గుమ్మం దగ్గర చెప్పులు విప్పేసింది.

అద్దంలా మెరుస్తున్న పాలరాతి నేల చూసి ఆవిడకు గుడి గుర్తొచ్చి ఉంటుంది. తలపాగా పెట్టుకున్న డోర్‌మన్ వంగి, "ఫర్వాలేదమ్మా, వేసుకునే రండి" అన్నాడు. నేను మాత్రం ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అమ్మ గుమ్మం దగ్గర చెప్పులు వదిలింది. నేను నోరు వదిలేశాను.

అమ్మకు డెబ్బై ఏళ్లు నిండాయని, హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో శని, ఆదివారాలకు రెండు గదులు తీసుకున్నాం. ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో చెబుతాను.

మా గది తలుపు సర్వీస్ లిఫ్టుకు ఎదురుగా ఉంది. అర్ధరాత్రి దాకా ట్రాలీల చప్పుడే. అమ్మ గదిలో ఏసీ ఎలా తగ్గించాలో తెలియక ఆవిడ రెండు చీరలు కప్పుకుని పడుకుంది. తెల్లారాక స్నానానికి వెళ్తే బాత్రూంలో బకెట్టూ లేదు, మగ్గూ లేదు. షవర్ చూస్తే ఎటు తిప్పితే వేన్నీళ్లు, ఎటు తిప్పితే చన్నీళ్లు అర్థం కాలేదు. ఆవిడ ఏం చేసిందో తెలుసా? ఊరినుంచి తెచ్చిన సున్నుండలన్నీ టిష్యూ కాగితాల మీద పరిచి, ఆ స్టీలు డబ్బాను కుళాయి కింద పట్టి స్నానం కానిచ్చింది. బల్లమీద వరసగా ఆరబోసినట్టున్న సున్నుండలు చూసి నేను అడిగితే, "డబ్బా కావలసొచ్చిందిరా" అంది.

గదిలో గాజు సీసాలో ఉన్న నీళ్లు ఊరికే ఇచ్చారనుకుని తాగేశాం. అవి మినీబార్ లెక్కలో వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయాలని పరుగులు పెట్టాం. పక్క గదివాళ్లు మాత్రం రెండున్నరకు తీరిగ్గా దిగారు. రాత్రి భోజనం బిల్లులో సర్వీస్ చార్జి అని ఒక గీత ఉంటే దాన్నీ నోరెత్తకుండా కట్టేశాను.

కారెక్కాక నాకు మాటలొచ్చాయి. హోటల్ వాళ్లను సూర్యాపేట దాకా తిడుతూనే ఉన్నాను. అన్నీ విని అమ్మ ఒక్క మాట అంది: "మరి వాళ్లనడిగావా?"

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్నే.

మనకు అలవాటు ఎక్కడ చెడింది?

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. నిజానికి మన అమ్మలు అడక్కుండానే పెడతారు. వద్దన్నా పెడతారు. మన ఇళ్లలో మర్యాదకు ఒక పద్ధతుంది. వచ్చినవాళ్లు "వద్దండీ, ఇప్పుడే తినొచ్చాం" అనాలి. ఇంటివాళ్లు కొసరి కొసరి వడ్డించాలి. అడిగి తినేవాణ్ని కాస్త తేడాగా చూస్తారు. ఈ పద్ధతిలో పెరిగినవాడు పెద్ద హోటల్‌కు వెళ్లినా, తన ముఖం చూసి ఎదుటివాళ్లే కనిపెట్టాలని ఎదురుచూస్తాడు. కనిపెట్టకపోతే నొచ్చుకుంటాడు.

హోటల్ మర్యాద వేరు. మీరు పిలవకుండా గదిలోకి రాకపోవడమే వాళ్ల మర్యాద. మీరు పిలిస్తే క్షణాల్లో రావడం కూడా మర్యాదే. ఈ రెండోదానికి మీ నోటినుంచి ఒక మాట రావాలి. మీరు కట్టే డబ్బులో మంచానికీ ఏసీకీ ఉన్నట్టే, ఫోన్ అవతల ఇరవైనాలుగు గంటలూ కూర్చున్న మనిషి జీతానికీ అంతో ఇంతో ఉంది. ఆ ఫోన్ ఎత్తకపోతే డబ్బు కట్టి సగం సరుకు అక్కడే వదిలేసి వచ్చినట్టు.

"అది మనలాంటివాళ్ల చోటు కాదేమో" అన్న బెరుకు ఇంకొకటి. హైదరాబాద్‌లోనే ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్ సంగతి చూడండి. పైగా వంశపు నవాబు వికార్ ఉల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన భవనం అది. తరవాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. అందులో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. ఆ రోజుల్లో ఆ బల్ల దగ్గర కుర్చీ దొరకాలంటే ప్రభువుల పిలుపు రావాలి. 2010 నుంచి అది తాజ్ వాళ్ల హోటల్. ఇప్పుడు కావలసింది రిజర్వేషన్ ఒక్కటే. ఖరీదు అందరికీ అందదు, నిజమే. కానీ కట్టినవాడు అక్కడ అతిథే. మీరు ఏ ఊరు, ఏ యాస, ఏ కారులో దిగారన్నవి బిల్లులో రాయరు.

పంచాంగం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి

అడగడం గది తీసుకోకముందే మొదలవ్వాలి. యాప్‌లో ధర చూసినా, ఒకసారి హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి. మూడు సంగతులు కనుక్కోండి.

మొదటిది, ఆ శని, ఆదివారాల్లో వాళ్ల హాల్లో పెళ్లేమైనా ఉందా? పెద్ద హోటళ్లకు పెళ్లిళ్లు పెద్ద ఆదాయం. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణాల్లో మంచి ముహూర్తమున్న వారాంతంలో వెళ్తే, అర్ధరాత్రి దాకా మీ కిటికీ కింద బ్యాండు మోగొచ్చు. లిఫ్టు కోసం పట్టుచీరల మధ్య నిలబడాలి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆ గొడవ తక్కువ. హోటల్ బుకింగ్‌కు పంచాంగం ఉపయోగపడుతుందని మా తాతగారు కూడా అనుకుని ఉండరు.

రెండోది, ఆ హోటల్ ఎవరికోసం కట్టింది? హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఉన్న హోటళ్లు ఎక్కువగా ఆఫీసు పనిమీద వచ్చేవాళ్లతో నిండుతాయి. శుక్రవారం సాయంత్రానికి వాళ్లు వెళ్లిపోతారు. అలాంటిచోట వారాంతంలో ధర తగ్గే అవకాశం ఉంటుంది. విశాఖ బీచ్ రోడ్డు మీది హోటల్‌కు లెక్క తిరగబడుతుంది. అక్కడ జనం వచ్చేదే శని, ఆదివారాల్లో.

మూడోది, పన్నుతో కలిపి ఎంత? ఇక్కడ కాలిక్యులేటర్ తీయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ. 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అది దాటితే 18 శాతం. రూ. 7,500 గది పన్నుతో కలిపి రూ. 7,875 అవుతుంది. రూ. 7,600 గది రూ. 8,968 అవుతుంది. చూపులో వంద రూపాయల తేడా, చెల్లించేటప్పుడు రూ. 1,093 తేడా. మీరు చూసిన ధర ఈ గీతకు కాస్త పైన ఉంటే, "7,500 లోపు ఏదైనా రేటు ఉందా?" అని ఫోన్‌లో అడగండి. ఉంటే ఇస్తారు, లేకపోతే లేదంటారు. అడిగినందుకు అదనంగా ఏమీ వసూలు చేయరు.

భోజనానికీ ఇలాంటి లెక్కే ఉంది. బయటి మామూలు రెస్టారెంట్లో పన్ను 5 శాతం. గది అద్దెలు 7,500 దాటే పెద్ద హోటల్ లోపలి రెస్టారెంట్లో సాధారణంగా 18 శాతం. కాబట్టి మూడు పూటలూ లోపలే తినాలన్న పట్టుదల అక్కర్లేదు. ఉదయం టిఫిన్ గదితోపాటు వచ్చేలా తీసుకుని, మధ్యాహ్నం ఊళ్లోకి వెళ్లి తిని, రాత్రి ఒక్క పూట హోటల్లో దర్జాగా కూర్చోండి.

సూట్‌కేసు తెరవకముందు పది నిమిషాలు

గది చేతికిచ్చే వేళ సాధారణంగా మధ్యాహ్నం రెండు లేదా మూడు. ఖాళీ చేసే వేళ పదకొండు లేదా పన్నెండు. అంటే ఒక రోజు అద్దెకు మీకు దక్కేది ఇరవై, ఇరవై రెండు గంటలు. ఉదయమే ఊళ్లో దిగితే సామాను బెల్ డెస్క్‌లో అప్పగించి తిరగొచ్చు. గది ఖాళీగా ఉంటే ముందే ఇస్తారేమో అడగండి. ఆదివారం ఇంకో గంటా రెండు గంటలు ఉండాలనుకుంటే ఆ మాట శనివారమే చెప్పండి. ఆదివారం పదకొండున్నరకు అడిగితే, ఆ గది కోసం అప్పటికే ఇంకొకరు లాబీలో కూర్చుని ఉంటారు.

పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులూ దగ్గర ఉంచుకోండి. ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు పనికొస్తాయి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి ఒప్పుకోరు. డిపాజిట్ అని కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచుతారు. ఎంత ఆపుతున్నారు, ఎప్పుడు విడుదలవుతుంది అన్నవి అక్కడికక్కడే అడగండి. డెబిట్ కార్డు ఇస్తే మీ ఖాతాలో డబ్బే కొన్నాళ్లు చిక్కుకుంటుంది.

గదిలోకి వెళ్లాక మంచం మీద వాలిపోకండి. సామాను తెచ్చిన అబ్బాయి ఇంకా గుమ్మంలో ఉండగానే నాలుగు సంగతులు చూసుకోండి. వేన్నీళ్లు వస్తున్నాయా? ఏసీ మన మాట వింటోందా? లిఫ్టు చప్పుడు, వీధి చప్పుడు ఎంతుంది? తలుపు గొళ్లెం సరిగ్గా పడుతోందా? షవర్ ఎలా తిప్పాలో, లైట్లు ఎక్కడ ఆర్పాలో అతన్నే చూపించమనండి. ఇరవై స్విచ్చులు పెట్టినవాళ్లు ఒకసారి చూపించడానికి విసుక్కోరు. గది నచ్చకపోతే అప్పుడే మార్చమనండి. దుప్పటి నలగని గదిని మార్చడం వాళ్లకు తేలిక. ఒక రాత్రి పడుకున్నాక అడిగితే వాళ్లకూ మీకూ ఇబ్బందే.

ఏది ఉచితం, ఏది బిల్లు

చాలామంది దీన్ని తలకిందులుగా పట్టుకుంటారు. ఉచితమైనవి అడగడానికి సిగ్గుపడి, డబ్బులు పడేవి ధైర్యంగా వాడేస్తారు.

బకెట్టు, మగ్గు, అదనపు దిండ్లు, దుప్పట్లు, ఇస్త్రీ పెట్టె, టూత్‌బ్రష్, గడ్డం గీసుకునే కిట్, ఊడిన బొత్తాం కుట్టుకోవడానికి సూదీదారం, ప్లగ్ అడాప్టర్, కాస్త పెద్దవాళ్లకు గుమ్మందాకా వీల్‌చెయిర్ వంటివన్నీ సాధారణంగా అడిగితే ఊరికే ఇస్తారు. బకెట్టూ మగ్గూ మన దేశంలో ఏ హోటల్‌కూ వింత కోరిక కాదు. స్టోరులో ఉంటాయి, మీ పిలుపు కోసం చూస్తుంటాయి.

మినీబార్‌లో ఉన్నవి, గదికి తెప్పించుకునే భోజనం, లాండ్రీ, స్పా, హోటల్ కారు వీటికి బిల్లు పడుతుంది. లాండ్రీ అయితే ఒక చొక్కా ఉతికే ఖరీదుకు బజార్లో ఎన్ని చొక్కాలు ఉతికించొచ్చో పట్టీ చూస్తే మీకే తెలుస్తుంది. నీళ్ల విషయంలో ఒక్క ప్రశ్న చాలు: "వీటిలో ఊరికే ఇచ్చే సీసాలు ఏవండీ?"

ఇంటికి తెచ్చుకోగలిగేవి: చిన్న సబ్బులు, షాంపూలు, గదిలో వేసుకునే గుడ్డ చెప్పులు. తెచ్చుకోకూడనివి: తువ్వాళ్లు, బాత్‌రోబ్, హ్యాంగర్లు. సందేహం వస్తే దీనికీ ఒక ఫోన్ ఉంది.

ఎలా అడగాలి?

అడగడం అంటే గొంతు పెంచడం అనుకునేవాళ్లు కొందరు. బతిమాలడం అనుకునేవాళ్లు మరికొందరు. రెండూ మొహమాటం పిల్లలే. మొదటిది మొహమాటం పగిలిపోతే వచ్చేది, రెండోది మొహమాటం కరిగిపోక మిగిలేది. నేను నేర్చుకున్న పద్ధతి మూడు వాక్యాలది.

ఏం జరిగింది. నాకేం కావాలి. ఎప్పటికి కావాలి.

"514 నుంచి మాట్లాడుతున్నానండీ. సర్వీస్ లిఫ్టు చప్పుడుకు అమ్మకు నిద్ర పట్టడం లేదు. లోపలివైపు గది ఏదైనా ఉంటే పదింటిలోపు మార్చగలరా?" అంతే. ఇందులో కోపం లేదు, క్షమాపణా లేదు. అవతలి మనిషికి చేయాల్సిన పని స్పష్టంగా ఉంది. కుదరదంటే, "డ్యూటీ మేనేజర్‌తో ఒకసారి మాట్లాడతాను" అనండి. అది బెదిరింపు కాదు. ఆ ఉద్యోగం ఉన్నదే అందుకు.

ఇంగ్లిష్ గురించి బెంగ వద్దు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ హోటళ్లలో తెలుగులోనే మొదలుపెట్టండి. మీతో మాట్లాడే కుర్రాడు ఏ ఒడిశా నుంచో, ఏ అస్సాం నుంచో వచ్చి ఉంటే తెలుగు వచ్చినవాళ్లను పిలుస్తాడు. అతనికీ తెలుగు కొత్తే, మీకు ఇంగ్లిష్ కొత్తయినట్టు. ఇద్దరూ సమానమే. చిటికె వేసి పిలవకండి. ఛాతీ మీద పేరు రాసే ఉంటుంది, ఆ పేరుకు గారు చేర్చండి. మర్యాదకు పన్ను లేదు.

ఫిర్యాదు ఉంటే అక్కడున్నప్పుడే చెప్పండి. ఇంటికొచ్చాక నెట్‌లో ఒక నక్షత్రం ఇస్తే మీ కసి తీరుతుందేమో గానీ మీ అమ్మకు ఆ రాత్రి నిద్ర తిరిగి రాదు.

ఖాళీ ప్లేటుతో ఒక ప్రదక్షిణం

ఉదయం బఫేలో మనవాళ్లు చేసే పొరపాటు, మొదట కనిపించిన ఇడ్లీతోనే ప్లేటు నింపేయడం. ముందు ఖాళీ ప్లేటుతో ఒక చుట్టు తిరిగిరండి. ఏమేం ఉన్నాయో చూడండి. ఇంట్లో దొరకనివాటిని కొంచెం కొంచెం రుచి చూడండి. కట్టిన డబ్బు తిని రాబట్టాలన్న పంతంతో కూర్చుంటే, మధ్యాహ్నమంతా గదిలో పడుకుని ఈనో కలుపుకోవాల్సి వస్తుంది.

ఏడాది తరవాత అమ్మను ఇంకో హోటల్‌కు తీసుకెళ్లాను. ఈసారి గదిలోకి వెళ్లగానే బకెట్టూ మగ్గూ తెప్పించాను. ఐదు నిమిషాలు పట్టింది. ఉదయం బఫేలో దోసెల కౌంటర్ దగ్గర అమ్మ నిలబడి, "పెసరట్టు లేదా నాయనా?" అంది. పెనం మీద నీళ్లు చిలకరిస్తున్న కుర్రాడు, "ఈరోజు పిండి లేదమ్మా, రేపు వేస్తాను" అన్నాడు. నేను అది మాటవరసకనుకున్నాను. ఆదివారం ఉదయం మమ్మల్ని చూడగానే అతను చెయ్యి ఊపాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి చల్లి, అంచులు ఎర్రగా కాల్చి, మడతపెట్టి తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. పక్కన చిన్న గిన్నెలో అల్లం పచ్చడి. అమ్మ తుంచి నోట్లో పెట్టుకుని, "బాగుంది గానీ పచ్చడిలో బెల్లం ఎక్కువైంది" అంది. అతను పగలబడి నవ్వి, "మా అమ్మా ఇదే అంటుంది" అన్నాడు.

ఆ రెండు రోజుల్లో నేను కట్టిన డబ్బులో నాకు బాగా గుర్తున్నది ఆ పెసరట్టే. మెనూలో అది లేదు.

బిల్లు గదిలో కూర్చుని చదవడం

శనివారం రాత్రే అప్పటిదాకా అయిన బిల్లు ప్రింటు అడగండి. పొద్దున కౌంటర్ దగ్గర వెనకాల పదిమంది నిలబడితే మొహమాటం మళ్లీ మెడమీద ఎక్కుతుంది. రాత్రి గదిలో తీరిగ్గా చూసుకుంటే తాగని కూల్‌డ్రింకు, తినని బాదంపప్పు ఏమైనా ఉంటే కనిపిస్తాయి.

సర్వీస్ చార్జి సంగతి తెలిసి ఉండాలి. హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని వాటంతటవే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కాబట్టి ఆ గీత కనిపిస్తే, "ఇది తీసేయండి" అని మామూలు గొంతుతో చెప్పండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. టిప్పు వేరే విషయం. అది మీ సంతోషం. పెసరట్టు వేసిన చేతికి ఇస్తే దానికో అర్థముంటుంది.

ఈ అధ్యాయానికి అభ్యాసం

క్రికెట్ ఆటగాడు మ్యాచ్‌కు ముందు నెట్స్‌లో ఆడతాడు. అక్కడ అవుటైనా నష్టం లేదు. మొహమాటస్తుడికి పెద్ద హోటల్ అలాంటి నెట్ ప్రాక్టీస్. అవతలివాళ్లు వినడానికే జీతం తీసుకుంటున్నారు. కాదన్నా నవ్వుతూ కాదంటారు. మళ్లీ జీవితంలో వాళ్లకు మీరు కనిపించకపోవచ్చు కూడా. ఇంతకంటే భద్రంగా అడగడం నేర్చుకునే చోటు దొరకదు.

ఈసారి వెళ్లినప్పుడు ఐదు అడగండి. ఫోన్‌లో ధర గురించి ఒకటి. చెకిన్ దగ్గర గది గురించి ఒకటి. హౌస్‌కీపింగ్‌ను ఒక వస్తువు. భోజనం దగ్గర మెనూలో లేనిది ఒకటి. బిల్లులో అర్థం కాని గీత గురించి ఒకటి. ఐదింటికీ ఏం జవాబొచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. రెండు కాదన్నా మూడు దక్కుతాయి. కాదన్న రెండూ కూడా మీకు లాభమే, ఎందుకంటే "కాదు" అన్న మాట విన్నాక కూడా మీరు బాగానే నిద్రపోయారని తెలుస్తుంది.

పెద్ద హోటల్‌కు వెళ్లే వీలు ఇప్పుడు లేకపోతే, ఒక మధ్యాహ్నం అక్కడ కాఫీ తాగి రండి. ఐదులో రెండు అక్కడే అడగొచ్చు.

సోమవారం మళ్లీ ఆఫీసు ఉంటుంది, బ్యాంకు ఉంటుంది, ఆస్పత్రిలో డాక్టరు గది ముందు బల్ల ఉంటుంది. అక్కడ అడగాల్సినవి బకెట్టు కంటే పెద్దవి. ఇంక్రిమెంటు, వడ్డీ రేటు, ఈ పరీక్ష ఎందుకు రాశారన్న ప్రశ్న. అడక్కుండా ఇంటికొచ్చి తిట్టుకునే ముందు, కారులో మా అమ్మ అడిగిన మాట ఒకసారి మీకు మీరే వేసుకోండి: మరి వాళ్లనడిగానా?